మంచు ఆటలకు ఏడు పాసులు

మంచు అనే మాట తప్ప మంచును ఏనాడూ చూడని ఒక పెద్ద అడవిలో, మంచు ఆటలంటే ప్రాణం పెట్టే జంతువులు వేలకొద్దీ ఉండేవి. ఎండాకాలంలో బండలు పగిలే చోటు అది. చలికాలం అంటే అక్కడ మధ్యాహ్నం పూట నీడ కోసం కొట్లాటలు తగ్గడమే. అయినా ఉత్తరాన మంచుకొండల్లో ఏటా జరిగే ఆటల కబుర్లు వలస బాతులు మోసుకొచ్చేసరికి అడవి మొత్తం మేత మానేసి చెవులు రిక్కించేది.

ఆ అభిమానులందరికీ పెద్ద, కొండముచ్చు ఏకాంబరం. మంచు క్రీడాభిమానుల సంఘానికి కార్యదర్శి. ఇప్పచెట్టు కొమ్మ మీద తోక వేలాడేసుకుని కూర్చుని, తను చూడని ఆటలో తను ఎరగని ఆటగాళ్లు చేసిన తప్పులన్నీ విడమరిచి చెప్పేవాడు.

"ఆ మంచు చిరుత ఉంది చూశారూ, మూడో మలుపులో భుజం ముందే దించేసింది. నేనైతే దించను," అనేవాడు.

కింద కూర్చున్న వాళ్లంతా అవునవును అని తలలూపేవారు. ఏకాంబరం దించడని వాళ్లకీ గట్టి నమ్మకం.

అదే అడవిలో చెంగమ్మ అనే అలుగు ఉండేది. ఒంటినిండా పొలుసులు, నోట్లో నాలుగు మాటలకు మించి ఉండవు. వానలు పడితే వాగు పక్కన ఎర్రమట్టి గట్టు మీద నుంచి పొట్ట మీద జర్రున జారి కిందికి వచ్చేది. కింద చెదల పుట్టలున్నాయి. నడిచిపోతే ఆకలి ఆగదు, అందుకని జారేది. ఒక ఏడాది అటుగా పోతున్న బాతు ఒకటి అది చూసి, "మా వైపు మంచు మీద కూడా ఇంత వేగం అరుదే," అని ఒక మాట అనేసి వెళ్లిపోయింది.

ఆ ఒక్క మాటతో చెంగమ్మ అడవికి జాతీయ జట్టు అయి కూర్చుంది. జట్టులో ఇంకెవరూ లేరు.

అప్పటి నుంచి గట్టు కింద జనం. అందరికన్నా ముందు ఏకాంబరం.

"తోక బరువు ఎడమకి వెయ్యి, అమ్మాయ్."

"ఎడమకి వేస్తే రాయి తగులుతుందన్నా."

"రాయి సంగతి తర్వాత. ముందు పద్ధతి."

చెంగమ్మ సరేనని, ఎప్పటిలాగే కుడికి వేసుకుని జారేది. "చూశారా, నేను చెప్పాక ఎంత బాగుపడిందో," అనేవాడు ఏకాంబరం అందరి వైపూ తిరిగి.

మూడేళ్లు గడిచాక మంచుకొండల నుంచి ఆహ్వానం వచ్చింది. దానితో పాటు భూర్జపత్రం మీద ముద్ర వేసిన పాసులు ఏడు. అక్కడ గుహలు చిన్నవి, ఏడుగురికి మించి బస కుదరదని రాశారు.

అడవి మండలి అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడు అడవిదున్న భూపతి. ఆయన ఏ విషయం మీదా తొందరపడి ఆలోచించే రకం కాదు, నెమ్మదిగానూ ఆలోచించడు.

మొదటి పాసు అధ్యక్షుడికి. దాని మీద చర్చ లేదు. రెండోది ఆయన బావమరిదికి, కొత్త చోట అధ్యక్షుడికి తోడుండాలి కదా. మూడోది జెండా పట్టుకునే నెమలికి. నాలుగోది నినాదాలిచ్చే చిలక్కి. అయిదోది భోజనాల ఏర్పాట్లు చూసే అడవిపందికి. ఆరోది ఇదంతా రాసుకునే కుందేలుకి.

ఏడో పాసు మిగిలింది. చెంగమ్మ ఓ మూల ముడుచుకుని కూర్చుని ఉంది. ఏకాంబరం గొంతు సవరించుకుని లేచాడు.

"అధ్యక్షా, జట్టు ఈ ఏడు ఉంటుంది, పై ఏడు మారుతుంది. అభిమాని మారడు. ఆటగాళ్లు లేని అడవులు ఎన్నో ఉన్నాయి, వాటినెవరూ తప్పు పట్టరు. అభిమానులు లేని అడవిని ఎవరైనా అడవంటారా? అక్కడ మన పరువు నిలబెట్టే గొంతు ఒకటి కావాలి."

జనం నేల మీద కాళ్లు దబదబా కొట్టారు. అధ్యక్షుడు మెడ ఊపాడు. "మరి చెంగమ్మ సంగతి?"

"అక్కడ ఎవరైనా మానేస్తే ఖాళీ పాసు వస్తుంది. కబురు పెడదాం. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆమెదే," అన్నాడు ఏకాంబరం. ఆ తర్వాత చెంగమ్మ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి, "నీ మంచికే చెబుతున్నా. నీకింకా అనుభవం చాలదు. పై ఏడు చూసుకుందాం," అన్నాడు.

"సరే అన్నా," అంది చెంగమ్మ. అని ఇంకా ముడుచుకుంది. అలుగు పూర్తిగా ముడుచుకుంటే దాని మొహం ఎవరికీ కనబడదు. ఆ క్షణంలో ఏకాంబరానికి అదే హాయిగా అనిపించింది.

బృందం నలభై రోజులు నడిచింది. దారి పొడుగునా చిలక నినాదాలిచ్చింది, మిగతావాళ్లు అందుకున్నారు. మొదటి మంచు కాలికి తగిలినప్పుడు నెమలి ఒక్కసారిగా తోక ముడిచింది. అది మళ్లీ విప్పితే ఒట్టు. అధ్యక్షుడి బావమరిది మంచుని నాకి చూసి ఉప్పు తక్కువైందన్నాడు.

మంచుకొండల్లో వాళ్లకు ఎదురొచ్చింది డోల్మా అనే ముసలి జడలబర్రె. ఆటల ఏర్పాట్లన్నీ ఆమెవే. ఏడు పాసులూ చూసింది, ఏడు మొహాలూ చూసింది.

"స్వాగతం. మీలో జారేది ఎవరు?"

బృందం మొత్తం వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"జట్టు వెయిటింగ్ లిస్టులో ఉందండీ," అన్నాడు భూపతి గౌరవంగా.

డోల్మాకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె నవ్వలేదు. "ఆటగాడు లేని జట్టుకు ఇక్కడ బస ఇవ్వరు. ఇది మా కొండల కట్టడి. మీరు ఇప్పుడే కనుమ దాటి దిగిపోవాలి. కాకపోతే, ఆ మబ్బు చూశారా? దాని కింద కనుమ ఎక్కినవాళ్లు దిగడం నేను చూడలేదు."

అందరూ మబ్బు వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా, ఒకరి తర్వాత ఒకరు, ఏకాంబరం వైపు చూశారు.

"మన ఏకాంబరం ఉన్నాడుగా," అన్నాడు భూపతి. "మూడేళ్లుగా జారడం గురించి చెబుతున్నాడు."

"చెప్పడం వేరండీ," అన్నాడు ఏకాంబరం.

"వేరని నువ్వెప్పుడూ చెప్పలేదే," అంది అడవిపంది. ఎగతాళికి అన్న మాట కాదు, నిజంగానే దానికి తెలియదు.

ఏకాంబరం ఆరుగురి వైపూ చూశాడు. కుందేలు వణుకుతోంది. చిలక ముక్కు నీలంగా మారింది. తను కాదంటే ఏడుగురూ కనుమ ఎక్కాలి. సరేనని తల ఊపాడు.

మరునాడు పొద్దున అతన్ని కొండ నెత్తిన నిలబెట్టారు. గడ్డకట్టిన కాలువ ఒకటి ఏడు మలుపులు తిరుగుతూ కిందికి పోతోంది. పైనుంచి చూస్తే కింద ఉన్న జనం చీమల బారులా ఉన్నారు. ఎర్రమట్టి గట్టు అతనికి ఎప్పుడూ కింద నుంచే తెలుసు. పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెంగమ్మను ఒక్కసారైనా అడగలేదని అప్పుడు తట్టింది.

"పొట్ట మీద పడుకో," అంది పక్కనే వంతు కోసం చూస్తున్న మంచు చిరుత. "తల పైకెత్తకు. భయమేస్తే గట్టిగా ఊపిరి తీసుకో."

"నీ మూడో మలుపు," అని ఏదో మొదలుపెట్టాడు ఏకాంబరం అలవాటు కొద్దీ. ఈలోపు వెనక నుంచి ఎవరో తోశారు.

మొదటి మలుపు దాకా అతని నోరు పనిచేసింది. రెండో మలుపులో తోక పొట్ట కిందికి వచ్చి బొంగరంలా తిరిగాడు. మూడో మలుపులో భుజం ముందే దిగింది. మామూలుగా కాదు, మంచులో అడుగు లోతున దిగింది. నాలుగో మలుపు అతను చూడలేదు. అయిదో మలుపులో కాలువ ఎడమకు పోతే అతను కుడికి పోయి, ఒక దేవదారు చెట్టుని కావలించుకుని ఆగాడు. నిర్వాహకులు విడదీసి మళ్లీ కాలువలో పెట్టారు. గీత దాటేసరికి వీపు ముందు, మొహం వెనక. పదకొండు మందిలో పదకొండో స్థానం. పదో స్థానంలో వచ్చిన కొండమేక అప్పటికే స్నానం చేసి వచ్చి కూర్చుంది.

కాళ్లు చేతులు కూడదీసుకుని లేస్తుంటే తమ వాళ్ల మాటలు వినబడ్డాయి.

"తోక బరువు ఎడమకి వెయ్యలేదు," అంటున్నాడు భూపతి.

"పద్ధతి లేదండీ," అన్నాడు బావమరిది. "నేనైతే ఆ చెట్టు దగ్గరికి పోను."

"అడవి పరువు తీశాడు," అంది నెమలి, అడవిపంది వీపు చాటు నుంచి.

అవన్నీ తన మాటలే. పుల్ల విరిచినంత తేలిగ్గా అనేవాడు. మొదటిసారి అవి వచ్చి ఒంటికి తగిలాయి. చెట్టు తగిలిన దానికన్నా ఎక్కువ నొప్పి అనిపించింది.

డోల్మా వేడినీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"మీ అడవిలో నిజంగా జారేవాళ్లు ఎవరూ లేరా?"

"ఉంది. చెంగమ్మని, అలుగు. బాగా జారుతుంది."

"మరెందుకు రాలేదు?"

"పాసు చాల్లేదు."

"ఆమె పాసు ఎవరు తీసుకున్నారు?"

ఏకాంబరం తన మెడలో వేలాడుతున్న భూర్జపత్రాన్ని చేత్తో మూసేశాడు. వెళ్లేనాడు డోల్మా ఒక కొత్త పాసు రాసి అతని చేతికిచ్చింది. పై ఏటిది. దాని మీద చెంగమ్మ పేరు, కింద 'ఇతరులకు చెల్లదు' అన్న మాట ఉన్నాయి.

బృందం అడవికి తిరిగొచ్చేసరికి పొలిమేరలో జనమే జనం. అభిమానులు ముందుచూపు గలవాళ్లు. ఒక చేతిలో పూలదండ, ఇంకో చేతిలో కుళ్లిన మేడిపండు పట్టుకొచ్చారు. ఫలితం విని దండలు కింద పడేశారు. మేడిపళ్లన్నీ ఏకాంబరానికే. భూపతి మీద ఒకటి కూడా పడలేదు. ఆయన ఓటమికి చింతిస్తూ ఉపన్యాసం ఇస్తున్నాడు.

విచారణ కమిటీ వేశారు. మూడు రోజుల్లో నివేదిక వచ్చింది. ఓటమికి కారణం అభిమానులు చాలినంత మంది లేకపోవడం. పై ఏడు యాభై పాసులు అడగాలి. ఇక ఏకాంబరం తెచ్చిన కొత్త పాసు మండలికి అప్పజెప్పాలి. పాసులు పంచే హక్కు మండలిదే.

ఏకాంబరం మండలికి పోలేదు. వాగు దగ్గరికి పోయాడు. అప్పుడే ఒక జల్లు పడి గట్టు తడిగా ఉంది. చెంగమ్మ జారి కిందికి వచ్చి, ఒళ్లు దులుపుకుంటోంది.

"ఇది నీది," అని పాసు ఆమె ముందు పెట్టాడు. "పోయినసారిది కూడా నీదే. నేను తీసుకున్నాను."

చెంగమ్మ పాసుని వాసన చూసింది. "అక్కడ ఎలా ఉంటుందన్నా?"

"జారుడుగా ఉంటుంది. పైనుంచి చూస్తే కడుపులో ఏదోలా అవుతుంది. నీకూ అవుతుందా?"

"రోజూ అవుతుంది."

"మరి ఎప్పుడూ చెప్పలేదే."

"నువ్వు మాట్లాడుతుంటావు కదా," అంది చెంగమ్మ మామూలుగానే.

చెంగమ్మ గట్టెక్కి మళ్లీ జారింది. అతను చూశాడు. మళ్లీ జారింది. మళ్లీ చూశాడు. సాయంత్రం దాకా ఏకాంబరం నోటి నుంచి ఒక్క సలహా కూడా రాలేదు. ఆ దారిన పోయే దుప్పి ఒకటి, అతనికి ఒంట్లో బాగాలేదేమోనని అడిగి మరీ వెళ్లింది.

పాసు అప్పజెప్పనందుకు అతన్ని సంఘం నుంచి తీసేశారు. ఆ నేరం మాత్రం తను చేసిందే.

అలుగు నడక ఎంత నెమ్మదో తెలిసిందే కదా. చెంగమ్మ వానలు తగ్గుముఖం పట్టగానే, ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది. మూడు నెలలు నడిచింది. యాభై పాసుల కోసం మండలి పంపిన మహజరుకు జవాబే రాలేదు కాబట్టి, ఆ ఏడు ఆ అడవి తరఫున అరిచేవాళ్లు ఎవరూ వెళ్లలేదు. పోటీ అయిపోయిన వారానికి వలస బాతులు కబురు తెచ్చాయి. మొదట మంచు చిరుత, తర్వాత ఒక తోడేలు, మూడోది చెంగమ్మ.

ఆమె తిరిగి వచ్చిన రోజు పొలిమేరలో జనం కిందటేటి కన్నా రెట్టింపు. మేడిపళ్లు లేవు, దండలే. భూపతి ముందుకొచ్చి పతకం ఆమె మెడలోంచి తీసి పైకెత్తి, ఇది అభిమానుల విజయమని ప్రకటించాడు. పతకాన్ని అధ్యక్షుడి గుహలో భద్రపరచాలని తీర్మానించారు. ఆ పక్క తీర్మానంలోనే, అనుమతి లేకుండా అడవి దాటినందుకు చెంగమ్మ రెండేళ్లపాటు ఏ పోటీలోనూ జారరాదని నిషేధించారు. ఆమె వెళ్లడం అక్రమం, తెచ్చినది సక్రమం అని కుందేలు శ్రద్ధగా రాసుకుంది. రెండు తీర్మానాలకూ జనం ఒకే ఊపులో కాళ్లు దబదబా కొట్టారు.

దూరంగా చెట్టు మీద ఉన్న ఏకాంబరం ఒక్కడే కొట్టలేదు. కిందికి దిగి, చెంగమ్మ పక్కన నడుచుకుంటూ వాగు వైపు వెళ్లిపోయాడు.

మంచుకొండల నుంచి పై ఏటి పాసులు ఈసారి పది వచ్చాయి. మండలి అప్పుడే పంచేసుకుంది. ఎవరికీ జారడం రాదు కాబట్టి తగాదా లేకుండా తేలిపోయింది.

ఇందులోంచి తెలుసుకోవలసింది ఒకటే: ఆటల పోటీలకు పోదలచినవారికి అన్నిటికన్నా పెద్ద ఆటంకం, ఆట వచ్చి ఉండడం.