అదెలీనో మెచ్చిన మూడు చోట్లు

గురువారం పొద్దున్నే అదెలీనో సియబ్రా గడ్డం గీసుకుంటూ మధ్యాహ్నం భోజనం గురించి ఆలోచిస్తున్నాడు. పన్నెండున్నరకల్లా మెట్ల దారిన కిందికి దిగాలి. జుల్మీరమ్మ పూటకూళ్ల ఇంట్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోవాలి. తెల్ల చిక్కుడు గింజలు వేసి వండిన బోటీ కూర తినాలి. పోర్తో నగరంలో ముప్పై ఆరేళ్లు ఉత్తరాలు పంచి రిటైరయిన ఆయన, ఇరవై ఆరేళ్లుగా ఈ గురువారం భోజనం మాత్రం ఒక్కసారి కూడా మానలేదు.

గడ్డం సగంలో ఉండగా ఫోను మోగింది. చెల్లెలి కూతురు లియొనోర్. ఒక వారపత్రికలో పనిచేస్తోంది.

"మావయ్యా, పదింటికల్లా నాకో సాయం చెయ్యి. మన ఊళ్లో నీకు నచ్చిన మూడు చోట్లు చెప్పు. తినడానికొకటి, కొనడానికొకటి, ఊరికే తిరగడానికొకటి. నీ ఫోటో కూడా వేస్తాం."

"వేసి?"

"ఊరు చూడ్డానికొచ్చే వాళ్లు చదివి అక్కడికెళ్తారు."

అదెలీనోకి ఒళ్లు మండిపోయింది. ఊరు చూడ్డానికొచ్చే వాళ్లు! ఆయన జుట్టు కత్తిరించే మంగలి దుకాణం ఇప్పుడు వాళ్ల పెట్టెలు దాచుకునే గది అయిపోయింది. చెప్పులు కుట్టించుకునే చోట కొనేవాళ్లు పుట్టిన సంవత్సరం అచ్చేసిన చేపల డబ్బాలు అమ్ముతున్నారు. సొంత గుమ్మంలోంచి బయటికి రావాలంటే రోజూ ఎవరి ఫోటోలోనో పడాల్సి వస్తోంది.

"ముప్పై ఆరేళ్లు ఈ ఊరికి ఉత్తరాలు పంచాను. ఇప్పుడు దొంగలకి తాళంచెవులు పంచమంటావా?"

"రాస్తానన్నాయన జ్వరమొచ్చి పడుకున్నాడు మావయ్యా. మా ఎడిటరు నన్ను తినేస్తాడు."

వంటింట్లోంచి ఆయన భార్య ఒతీలియా అరిచింది. "పిల్ల అంతగా అడుగుతుంటే మూడు ముక్కలు రాయకూడదూ? నీ చెయ్యేమైనా అరిగిపోతుందా?"

అప్పుడు అదెలీనోకి ఒక ఆలోచన వచ్చింది. కాగితం తీసుకుని, సబ్బు నురగ ఆరకముందే రాసేశాడు. తినడానికి, జుల్మీరమ్మకి సరిగ్గా ఎదురుగా ఉన్న బల్తజార్ హోటల్. అక్కడి బోటీ నమిలితే సైకిలు ట్యూబు నమిలినట్టే ఉంటుంది. కొనడానికి, ఇనప గొట్టాలమ్మే ఒక దుకాణం. దాని యజమానికి గుమ్మంలో కొనేవాళ్లు కనబడితే తలనొప్పి వస్తుంది. తిరగడానికి, రైలు పట్టాల వెనక సందు. అక్కడ చూడదగినవి ఒక గోడా, ఉద్యోగంలో ఉండగా ఆయన్ని రెండుసార్లు కరిచిన కుక్కా. "బల్తజార్ చేతి బోటీ తినకుండా పోర్తో చూశానని ఎవరైనా చెబితే నేను నమ్మను" అని కూడా రాసి, ఫోనులో చదివి వినిపించి, మిగతా సగం గడ్డం హాయిగా గీసుకున్నాడు.

పత్రిక తరువాతి సోమవారం వచ్చింది. గురువారం మధ్యాహ్నం అదెలీనో మెట్లు దిగేసరికి బల్తజార్ హోటల్ ముందు వరస మూల మలుపు దాటి ఉంది. గొడుగులూ, వీపు సంచులూ, ఒకరి చేతిలో తన ఫోటో. తన పథకం పారినందుకు మురిసిపోతూ ఆయన ఎదురు గుమ్మంలోకి అడుగుపెట్టాడు.

కిటికీ పక్క కుర్చీ బల్ల మీద బోర్లించి ఉంది.

"అదెలీనో గారు ఇలా వచ్చారేమిటి? మీరు మెచ్చిన చోటు ఎదురుగా ఉందిగా!" అంది జుల్మీరమ్మ. ఆమె చేతిలో పత్రిక ఉంది. అంతకన్నా పెద్ద గరిటె కూడా ఉంది.

ఆయన గొంతు తగ్గించాడు. "అదంతా అబద్ధం జుల్మీరమ్మా. ఆ మంద మీ మీద పడకుండా అటు తోలాను. మీ కోసమే."

"నా కోసమా? నన్నడిగావా?" గారూ, మీరూ ఎగిరిపోయాయి. "ఈ గదిలో ఎంతమంది ఉన్నారో చూడు. నువ్వూ నేనూ ఆ గోడ గడియారమూ. క్రిస్మస్ కాగానే తలుపులు మూసేద్దామనుకుంటున్నా. జనం వచ్చి పడతారని నీకు భయం. రావట్లేదని నాకు ఏడుపు. ఇరవై ఆరేళ్లు నా చేతి కూర తిని, తీరా నలుగురికీ చెప్పే రోజొస్తే వాడి పేరు చెప్తావా? లే!"

"నేనింకా కూర్చోనే లేదు."

"అయితే కూర్చోకు!"

అదెలీనో వీధిలో నిలబడిపోయాడు. ఆ ఖాళీ బల్లల్ని ఇన్నేళ్లూ ఆయన ప్రశాంతత అనుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే, ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. దొరికింది మేనకోడలే కాబట్టి ఆమెకే ఫోను చేశాడు.

"వచ్చే వారం తప్పు దిద్ది వెయ్యండి. పోర్తోలో బోటీ అంటే జుల్మీరమ్మదే అని."

"ఏమని దిద్దమంటావు? మా మావయ్య అబద్ధాలకోరు అనా? ఇక్కడ ఉత్తరాలే ఉత్తరాలు మావయ్యా. సందు అద్భుతమట. కుక్కతో ఫోటోలు దిగుతున్నారు. గొట్టాల దుకాణం ఆయన ఈ వారంలో రెండుసార్లు నవ్వాడట. అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు!"

మెచ్చుకోలు అదెలీనోని ఇంకా రగిలించింది. ఆ కుక్క తనని తప్ప ఎవర్నీ కరవదని ఆయనకి ఆరోజే తెలిసింది. వారమంతా తనలో తనే సణుక్కున్నాడు. గురువారం రాగానే కోటు తొడుక్కుని తిన్నగా బల్తజార్ హోటలుకి నడిచాడు. అందరి ముందూ నిలబడి అక్కడి కూర ఎలాంటిదో చెప్పేయాలన్నది ఆయన నిర్ణయం.

నోరు విప్పేలోపే బల్తజార్ వచ్చి వాటేసుకున్నాడు. "మా అన్నగారొచ్చారు! ఈయనేనండీ, ఫోటోలో ఉన్నాయన!"

నలభై మంది చప్పట్లు కొట్టారు. ఆయన్ని గది మధ్యలో కూర్చోబెట్టి ముందు పళ్లెం పెట్టారు. నలువైపులా ఫోనులు లేచాయి. ఒక్క ముద్ద తిని, అందరూ చూస్తుండగా ఉమ్మేసి, ఆ తరువాత మాట్లాడదామని అదెలీనో చెంచా నోట్లో పెట్టాడు.

ఉమ్మలేకపోయాడు. జీలకర్ర వాసన ముందుగా వచ్చింది, దాని వెనక లవంగం. గింజ నాలుక మీద వెన్నలా నలిగింది. ఈ చేతిని ఆయన చీకట్లో అయినా గుర్తుపడతాడు.

"దొంగా!" కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "ఇది జుల్మీరమ్మ కూర!"

బల్తజార్ మొహం పాలిపోయింది. "అన్నగారూ, మెల్లిగా..."

"మెల్లిగా ఏమిటి? ఇరవై ఆరేళ్లు తిన్నాను! ఆవిడ కూర తెచ్చుకుని నీదని అమ్ముతావా?"

"జుల్మీరమ్మంటే ఎవరు?" అని ఎర్ర గొడుగు ఆవిడ అడిగింది.

"ఎదురిల్లు!"

నలభై మందీ లేచారు. మెడల్లో రుమాళ్లతో, కొందరు చెంచాలతో సహా వీధి దాటి జుల్మీరమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. ఆమె లోపల పీట మీద కాళ్లు పెట్టుకుని రేడియో వింటోంది.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

అన్ని వేళ్లూ అదెలీనో వైపు తిరిగాయి.

"మళ్లీ నువ్వేనా!" జుల్మీరమ్మ లేచింది. "వారం రోజుల నుంచి తెల్లారే రెండు గుండిగలు వండి వెనక తలుపులోంచి ఈ బల్తజార్‌కి అమ్ముతున్నా. జనంతో వాడు వేగుతున్నాడు. అంట్లు వాడు తోముకుంటున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మధ్యాహ్నం పూట కూర్చున్నానయ్యా! నాకు న్యాయం చెయ్యమని నేను నిన్నడిగానా?"

"నేను నిజమే కదా చెప్పింది!"

"అబద్ధమాడేటప్పుడూ నన్నడగలేదు, నిజం చెప్పేటప్పుడూ అడగలేదు!"

ఈలోగా బల్తజార్ కూర గుండిగని తెచ్చి జుల్మీరమ్మ గుమ్మంలో దించి, తన బల్లల్ని ఒక్కొక్కటే వీధిలోకి మోసుకొచ్చి జుల్మీరమ్మ గోడకి ఆనించాడు.

"ఇంక దాచేదేముంది జుల్మీరమ్మా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "వండేది నువ్వు, మోసేది నేను. రెండు పేర్లూ ఒకే బోర్డు మీద రాయిద్దాం."

"నా పేరు పైన," అంది జుల్మీరమ్మ. ఆమె జనాన్ని ఒకసారి లెక్కపెట్టుకుంది. పెదవి కొసన నవ్వు వచ్చింది కానీ అదెలీనో చూస్తున్నాడని మింగేసింది. క్రిస్మస్ మాట ఇంకెవరూ ఎత్తలేదు.

అప్పటికే ఫోనులో ఈ గొడవంతా చూసిన లియొనోర్ ఫోటోగ్రాఫరుని వెంటబెట్టుకుని వచ్చేసింది. అత్త ఒతీలియాని కూడా తీసుకొచ్చింది. వాళ్లకి మొదటి బల్ల ఇచ్చారు. అదెలీనో కూడా ఆ బల్ల వైపు నడిచాడు.

గరిటె అడ్డం వచ్చింది. "వరసలో నిలబడు."

"నేనా? ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి, నేనా?"

"వాళ్లంతా నీకన్నా ముందొచ్చారు."

ఆయన నలభై ఒకటోవాడు. ముందున్నవాళ్లు తినీ తినీ, ఆయనకి ముందు ముగ్గురు మిగిలుండగా గుండిగ అడుగు గీకిన చప్పుడు వినిపించింది. ఒతీలియా చెయ్యి ఊపి, "చాలా బాగుంది అదెలీనో!" అని అక్కణ్ణుంచే కేకేసింది.

అదెలీనో అన్ని మెట్లూ ఎక్కి ఇంటికి వెళ్లి, ఊరినీ, పత్రికనీ, కుక్కనీ తిట్టుకుంటూ గుడ్డు వేయించుకున్నాడు. కోపంలో ఉప్పు రెండుసార్లు వేశాడు.