మల్సూరు షట్టర్ సంగ్రామము

స్వస్తిశ్రీ కలియుగమున, జంబూద్వీపమున, భరతఖండమున, హైదరాబాదు విజయవాడల నడుమ నల్లత్రాచువలె సాగిన రహదారి పక్కన, ప్రతి అరచేతిలోను ఒక కెమెరా ఉండి ఏ ముఖములోను ఫొటోకు నిలిచే ఓపిక లేని ఈ దిక్కుమాలిన కాలమున, వైశాఖమాసపు ఎండకు గోడలు సైతము చెమటలు గ్రక్కుచున్న ఒక ఆదివారపు మధ్యాహ్నమున, సూర్యాపేట పట్టణమందలి ఒక రేకుల వరండాలో మహాసంగ్రామము జరిగెను. దానిని ఏ టీవీవాడును చూపలేదు. చూపడు కూడా. వానికి కావలసినవి వేరే.

ఆ సంగ్రామమునకు నాయకుడు మల్సూరు. ఫ్లాషుకు కన్నుమూసే పెండ్లికొడుకులను గద్దించి కన్ను తెరిపించిన ధీరుడు. చివ్వెంల మొదలుకొని త్రిపురారము దాకా ఆల్బమ్ లేని ఇల్లు లేకుండా చేసిన ఛాయాగ్రాహక చక్రవర్తి. నేడు పాస్‌పోర్టు ఫొటోలు తీసి, ఆధార్ కార్డులకు లామినేషన్ చేసి పొట్టపోసుకొనుచున్న రాజ్యభ్రష్టుడు. అతని దివ్యాస్త్రము ఒక పాత రీలు కెమెరా. రీలు ముందర తలుపువలె తెరచుకొని రెప్పపాటున మూసుకొనవలసిన నల్లతెర దానికి కలదు. దానినే షట్టర్ అందురు. ఆ తెర ఇప్పుడు మీట నొక్కినచో సగము దాకా వచ్చి, సర్కారు ఆఫీసులో ఫైలువలె అచ్చటనే కూర్చుండిపోవుచున్నది.

ప్రతిపక్షమున నిలిచినవాడు అతని బామ్మర్ది సాయిబాబు. కోదాడ నివాసి, డ్రోనువాహనుడు, ప్రీవెడ్డింగ్‌షూట్‌విశారదుడు. గడచిన దసరాకు ముందర త్రిపురారములోని ఒక పెండ్లి ఫొటోల బేరము బావను కాదని వానికి పోయిన నాటినుండి ఇరువురి నడుమ మాటలు లేవు. అట్టివాడు ఆనాడు అక్క ముత్తమ్మ చేతి చాయ త్రాగి, గ్లాసు క్రింద పెట్టి, సంధివాక్యములవలె వినిపించు యుద్ధవాక్యములను ఇట్లు పలికెను.

"బావా, ఎలాగూ పనిచెయ్యట్లేదు కదా. దాన్ని నాకిచ్చెయ్. కొత్త స్టూడియో ముందర అద్దాల బీరువాలో పెడతా."

"బొమ్మ లెక్కనా?"

"గౌరవంగానే బావా. కింద చిన్న లైటు కూడా పెట్టిస్తా."

"లైటు సచ్చిపోయినోళ్ల ఫొటోకు పెడ్తరు. ఇది ఇంక సావలే."

అని గర్జించి, ఆజానుబాహువు కాకపోయినను చేయి పైకెత్తి మల్సూరు ప్రతిజ్ఞ చేసెను. "ఇను సాయిబాబు. ఇయ్యాల పొద్దుగూకేలోపల దీని షట్టర్ పడాలె. పడకపోతే నా చేతులతోనే నీ సంచిల పెడ్త. పడిందనుకో, ఇగ ఈ గడపల బీరువా మాట ఎత్తొద్దు."

"సరే బావా. కోదాడ బస్సులు రాత్రిదాకా ఉంటాయి," అని సాయిబాబు కుర్చీలో వెనుకకు ఒరిగెను.

అప్పుడు పేపరు పరచబడెను. దానిపై ఆయుధములు వరుసగా నిలిచెను: సన్న స్క్రూడ్రైవరు, దవాఖాన స్పిరిటు, చెవిలో తిప్పుకొను దూదిపుల్లలు, ముత్తమ్మ కనుబొమ్మల వెంట్రుకలు పీకు చిన్న పట్టకారు, ఆమె అనుమతి లేకుండా, మరియు మిర్యాలగూడ గడియారాల శంకరయ్య ప్రసాదించిన కంటి అద్దము. గడచిన వారము మల్సూరు బస్సెక్కి మిర్యాలగూడకు దండయాత్ర చేసినప్పుడు ఆ శంకరయ్య కెమెరాను అటుతిప్పి ఇటుతిప్పి, "గడియారమైతే సూద్దును గానీ, గిది నాతోని కాదు బిడ్డా, అద్దం తీస్కపో," అని సెలవిచ్చియుండెను.

స్క్రూలు ఎగురునని ఫ్యాను ఆపబడెను. సాయిబాబు చొక్కా క్షణములో వీపుకు అంటుకొనెను. "ఫ్యాన్ వెయ్యి బావా, చచ్చిపోతాం."

"నువ్వే గద అద్దాల బీరువల పెడ్తనన్నవ్. గండ్ల ఫ్యాను ఉంటదా?"

పైస్క్రూలు ఊడెను. అడుగుస్క్రూలు ఊడెను. అందులో ఒక దుర్మార్గపు స్క్రూ, ఆవగింజంతటిది, పేపరుపైనుండి దొర్లి పాతాళలోకసదృశమైన ఫ్రిజ్ క్రిందికి ప్రవేశించెను. మల్సూరు బోర్లపడుకొని చేయి చాచి, పాత బిస్కెట్టు ముక్కను, పోయిన ఏటి బొంగరమును బయటికి తెచ్చెను గాని శత్రువు చిక్కలేదు. ముత్తమ్మ చీపురుతో ఒక్క గీత గీయగా అది తనంతట తాను వచ్చి పాదములకు తగిలెను.

స్పిరిటు పోసెను. తుడిచెను. ఊదెను. మీట నొక్కెను. తెర సగము దాకా వచ్చి ఆగెను. పొద్దు గోడ దిగుచుండెను. సాయిబాబు సంచి జిప్పు తీసి, మర్యాదకు మరల మూసెను.

అప్పుడు మల్సూరు కెమెరా వెనుక తలుపు తెరచి, అద్దము కంటికి బిగించి, తెర దూరు సన్నని సందులోనికి చూచెను. చీకటి. ఇంకను వంగెను. చీకటి. వీరునికి అంతకన్న కష్టమైన గడియ ఎదురైయుండదు. ఏలయన వెలుగు ఉన్నది శత్రువు జేబులో.

"సాయిబాబు," అనెను, తల ఎత్తకయే. "నీ ఫోన్ లైటు జర ఇటు పట్టు."

సాయిబాబు నవ్వలేదు. అది వాని మంచితనము. వచ్చి, పక్కన మోకాళ్లపై కూర్చుండి, లైటు పట్టెను. ఆ వెలుగున, తెర అంచున, నలుపులో నలుపుగా ఎండి ముడుచుకొన్న ఏదో కనబడెను. పట్టకారు పోయెను, పట్టెను, తెచ్చెను. మల్సూరు అరచేతిలో పడినది ఒక జమ్మియాకు రెబ్బ.

దసరానాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కు ఆ జమ్మి. పూర్వము పాండవుల ఆయుధములను దాచి కాపాడిన ఆ జమ్మియే మల్సూరు ఆయుధమును కూడా దాచదలచెను కాబోలు. విడిచిపెట్టుట మాత్రము మరచెను.

"గిది ఎట్ల వొయింది లోపటికి?" అనెను మల్సూరు.

ముత్తమ్మ చీపురు గోడకు ఆనించెను. "పోయిన దసరకు నువ్వు అలిగి అర్రల తలుపేసుకుంటివి. మా తమ్ముడు జమ్మి వట్టుకొని గంటసేపు గడపల నిలవడ్డడు. నువ్వు రాకపోతివి. ట్రాక్టరుకు బానెట్ తీసి బొట్టు పెట్టినట్టు కెమెరా ఎన్క తలుపు తీసి దేవునికాడ పెట్టినం గద. నీకియ్యాల్సిన బంగారం దాని కడుపుల పెట్టి, దానికే మొక్కి పోయిండు. తెల్లారి నేనే మూసి బీరువల పెట్టిన."

"నాకు జెప్పలే."

"నువ్వు అడగలే."

సాయిబాబు ఫోను లైటు ఆపుట మరచి దానివైపే చూచుచుండెను. "నేను పని నేర్చుకుంది దీంతోనే కదా బావా. నువ్వు తీసుకోకపోతే అదన్నా తీసుకుంటుందనుకున్నా."

"తీసుకున్నది," అనెను మల్సూరు. "మింగి కూసున్నది."

పిమ్మట మల్సూరు అరచేయి చాచెను. సాయిబాబు ఆ ఎండిన రెబ్బను తీసి, మరల అదే చేతిలో పెట్టి, వంగి కాళ్లు మొక్కెను. "వైశాఖంల దసరా ఏందిరా," అని గొణుగుచునే మల్సూరు వానిని లేపి, చెమట చొక్కాలు రెండును అంటుకొనునట్లు అలయ్‌బలయ్ తీసుకొనెను.

అటుపై స్క్రూలు బిగిసెను. బావ వాకిట నిలిచి, అక్కను తమ్ముని గోడముందర నిలబెట్టి, "సాయిబాబు, గదుమ కిందికి. ముత్తమ్మ, కొంగు సర్దు. ఊపిరి పీల్చుకోకుండ్రి," అని పూర్వపు చక్రవర్తి స్వరమున ఆజ్ఞాపించి, మీట నొక్కెను.

టక్.

సగమున ఆగలేదు. నిండుగా తెరచుకొని నిండుగా మూసుకొనెను. సాయిబాబు సంచిని భుజమున తగిలించుకొనెను, ఖాళీగనే.

ముత్తమ్మ కొంగు వదలి అడిగెను. "రీలు ఏసినవా?"

మల్సూరు కెమెరా వైపు చూచెను. పిమ్మట ఆమె వైపు చూచెను. "షట్టర్ పడ్డదా లేదా?"

"పడ్డది."

"మరి."

ఈ గాథను చదివినవారికిని, విన్నవారికిని, ఫోను చూచుచు సగము విన్నవారికిని ఎండాకాలమున కరెంటు పోకుండుగాక. దసరానాడు కెమెరా తలుపు మూసి పూజించినవారికి షట్టర్ దక్కును. తెరచి పూజించినవారికి బామ్మర్ది దక్కును. రెండును దక్కించుకొన్న మల్సూరు, ఒక్క ఫొటోయు పడని ఆ సాయంకాలమున, సూర్యాపేటను జయించినవానివలె లేచి పోయి ఫ్యాను వేసెను.