పాతాటలగూడు సంరక్షణ పర్వము

వానదేవుడు దారి మరచిన సీమలో, సూర్యభగవానుడు ఏడాది పొడవునా నిర్దయుడై కొలువుతీరు పావగడ తాలూకాలో, ఒకనాడు చెనిక్కాయ యనబడు వేరుశనగ పండిన చేలపై నేడు సోలార్ నీలఫలకములు అక్షౌహిణులై దిగంతముల దాక బారులు తీరిన క్యాతగానచెర్లు గ్రామమున, ఆ ఫలకముల దుమ్ము కడిగించు సూపర్‌వైజరు, వామాంగుష్ఠప్రతాపుడు, సర్వబటనమర్దనుడు, నల్లప్ప కుమారుడు నందీష్ అను వీరుడు గలడు.

అతని రాజ్యము నేలపై లేదు. దాని పేరు ‘పాతాటలగూడు’, అది వెబ్‌సైటు. చిన్ననాడు టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ ఆటల పెట్టెలు తుప్పుపట్టి అటకలెక్కగా, వాటి ప్రాణమును కంప్యూటరు దేహమున ప్రవేశపెట్టు పరకాయప్రవేశవిద్య ఒకటి వెలసెను. లోకులు దానిని ఎమ్యులేటర్ అందురు. తమ పొలము సోలార్ పార్కుకు గుత్తకు పోయిన ఏడు కొన్న కంప్యూటరుపై కూర్చుండి, ఏ ఆటకు ఏ ఎమ్యులేటర్ పనికివచ్చునో, ఏ గుండీ నొక్కిన ఏమగునో నందీష్ తెలుగున రాయనారంభించెను. మడకశిర నుండి ఒకడు, దుబాయి నుండి మరొకడు వచ్చి చదివి, బొటనవేలి బొమ్మ పెట్టి పోయిరి. అదియే ఆ రాజ్యపు స్వర్ణయుగము.

అంతలో అంతర్యుద్ధము రేగెను. మంగళవాడ వాసియు, నందీషుకు కుడిభుజమై సైటులో సగము రాసినవాడును అగు యోగానంద ఒక దుర్దినమున ఇట్లు రాసెను: ‘కప్పదొర’ ఆటలో కప్ప ఎగిరిన తరువాత అరచుచున్నది, అసలు పెట్టెలో ముందు అరచి తరువాత ఎగిరెడిది, కనుక నందీష్ మెచ్చిన ఎమ్యులేటర్ కొరగానిది. అది చదివిన నందీషుని కనుగవ కెంపెక్కెను. “ఓరీ కర్ణవిహీనా! మండూకనాదమర్మమెరుగని మందమతీ! నీ చెవులు చెవులా, చెనిక్కాయ డిప్పలా?” అని అతడు బదులు రాసెను. చదువరులు ముందరుపు పక్షమని, వెనకరుపు పక్షమని చీలిరి. యోగానంద సైటు విడిచిపోయెను. నాటి నుండి పావగడ బస్టాండులో ఎదురుపడిన యెడల ఇద్దరును ఎదుటి కొండను అపూర్వమైనదానివలె తేరిచూచుచుండిరి.

ఇట్లుండ మహోపద్రవము సంభవించెను. సైటుకు ఉచితముగ చోటిచ్చిన ఏదో దూరదేశపు కంపెనీ, ఆ దినపు సాయంకాలముతో దుకాణము మూయుచున్నామని ఎన్నడో పంపిన కబురును నందీష్ ఆ మధ్యాహ్నము చూచెను. పొద్దు గ్రుంకులోగా సర్వస్వమును కొత్త చోటికి ఎక్కింపవలెను. లేకున్న అతని రాతలన్నియు గాలిలో కలియును. నగరములకు నగరములనే వెలిగించు కరెంటు పుట్టు ఆ ఊర, ఫోనులో సిగ్నల్ మాత్రము ఒక్క గీతయై కొనప్రాణముతో కొట్టుకొనుచుండెను. ఎక్కించుట మొదలగును, తెగును, మొదలగును, తెగును. కేబుల్ నెట్టు గల గృహము అతడెరిగినది ఒక్కటే. అది శత్రుదుర్గము.

నందీష్ పెన్‌డ్రైవును చొక్కాజేబున దాచి, బండి ఎక్కి, మంగళవాడ చేరి, యోగానంద వాకిట నిలిచెను. ‘ఓ ప్రతివీరా! నా శిరమైనను కోసికొనుము, నా సైటును మాత్రము కాపాడుము’ అని అతని హృదయము ఘోషించెను. నోరు మాత్రము ఇట్లనెను:

“యోగానందా, మీ ఇంట్లో నెట్టు ఉండాదాప్పా?”

యోగానంద గుమ్మము విడిచి పక్కకు జరిగి, “ఉండాది. కాళ్లు కడుక్కోని రా,” అనెను.

కారణము విన్నంతనే యోగానంద పగ మరచి కంప్యూటరు తెరచెను. రాతలన్నియు కొత్త చోటికి పయనమై, సగము దాటి, ముప్పాతిక దాటి పోవుచుండగా, మిక్సీజాడీహస్తయై, చెనిక్కాయపరిమళభరితయై, యోగానంద తల్లి హనుమక్క ప్రవేశించెను. వంటింటి ప్లగ్గు కాలిపోయినందున ఆమె నడిమింటి ప్లగ్గునే వాడుకొనుచుండెను. ఆ ప్లగ్గుననే నెట్టు డబ్బా ప్రాణము నిలుపుకొనియుండెను. ఆమె డబ్బా తీగను లాగి మిక్సీ తీగను దూర్చెను. సేనలు నడిమార్గమున కూలెను.

మళ్లీ మొదటి నుండి ఎక్కింపవలెనని తెలిసి నందీష్ నేలపై చతికిలబడెను. యోగానంద తల్లికి సంగతి విన్నవించి, చట్నీని వాయిదా వేయుమని వేడెను.

“దోసె పిండి పులిసిపోతాది. నేను ఆగితే అది ఆగుతాదా?” అని ఆ వీరమాత పలికెను. “మీకంత అవసరమైతే రుబ్బురోలు పెరట్లో ఉండాది. పోయి రుబ్బుకోని రాండి.”

సంధి కుదిరెను. డబ్బాకు ప్రాణము తిరిగివచ్చెను. కప్ప అరుపుకై విడిపోయిన ఆ మహావీరులిరువురు పెరటిలో ఎదురెదురుగ కూర్చుండి, ఒకడు గుండ్రాయి తిప్పగా మరొకడు చెనిక్కాయలు తోయుచు, చెమటోడ్చి రుబ్బిరి. పిమ్మట నందీష్ తల ఎత్తకయే అనెను:

“నువ్వు పోయినంక నా రాతలో తప్పు పట్టేవాడే లేడప్పా. అంతా సప్పగా ఉండాది.”

పెరటి గుమ్మమున నిలిచి ఆ చివరి మాట మాత్రమే విన్న హనుమక్క చట్నీ సప్పగా ఉన్నదని తలచి, పిడికెడు ఉప్పు తెచ్చి రోట వేసెను. మిత్రులిద్దరు ఒకరినొకరు చూచుకొని, పొట్టలు పట్టుకొని నవ్విరి. అంతటితో యుద్ధము ముగిసెను.

పొద్దు కొండ చాటునకు ఒరుగుచుండగా పాతాటలగూడు కొత్త చోట కన్ను తెరచెను. బొమ్మలు సగము రాలేదు. అక్షరములు ఒకదానిపై ఒకటి ఎక్కియుండెను. అయినను అది బ్రతికియుండెను. తన మిక్సీ ఆగినది దేనికొరకో చూడవలెనని హనుమక్క కంప్యూటరు ఎదుట కూర్చుండెను. నందీష్ భక్తితో ‘కప్పదొర’ను తెరచి, ఎగురు గుండీ చూపెను. ఆమె నొక్కెను. కప్ప బావిలో పడెను. మళ్లీ నొక్కెను. మళ్లీ పడెను. వంటింట పెనము వేడెక్కి పొగలు చిమ్ముచున్నదని యోగానంద గుర్తుచేయగా ఆమె వినిపించుకొనలేదు.

“ఇదేందిరా, దగ్గిరికి పోయి ఎగిరితే పడిపోతాది, దూరం నుంచి ఎగిరినా పడిపోతాది. యాడ ఎగరల్ల?”

“బావి అంచు కాడ, పెద్దమ్మా,” అని నందీష్ తెరపై వేలు పెట్టి చూపెను.

ఆమె కొంగు బిగించెను. పెదవి కొరికెను. నొక్కెను.

వినుడు, ఓ జనులారా! సోలార్ ఫలకములపై చివరి కిరణము వెలుగు సమయమున, మంగళవాడ గ్రామమున, యోగానందజనని హనుమక్క కప్ప మొదటి బావిని దాటెను!