చంటిపిల్లతో సైకాలజీ ప్యాసగుట ఎట్లు?

అయ్యలారా, అమ్మలారా! ఉద్యోగంలో పైకి రావాలని ఉందా? ఇంట్లో చంటిపిల్ల కూడా ఉందా? అయితే ఇంకా ఆలోచిస్తారేం? వెంటనే సైకాలజీ చదవండి!

నమ్మకం లేదా? నా సంగతే వినండి. పేరు రుక్మిణి. సూర్యాపేటలో ఆడపిల్లల బడి పంతులమ్మను. మావారు జైరాం కోదాడ సరిహద్దులో సుంకాలు వసూలుచేసే నాకాలో గుమాస్తా. ఆదివారం ఇంటికొచ్చి, "పిల్ల ఎంత ఎదిగింది!" అని ఆశ్చర్యపోయి వెళ్తారు. మిగతా ఆరు రోజులూ ఏడాదిన్నర కౌసల్యను ఎదిగించడం నా డ్యూటీ.

ఈ ఏడు, అంటే 1949లో, మాకొక ఆర్డరు వచ్చింది. బడికి హెడ్ కావాలంటే సైకాలజీ పరీక్ష ప్యాసు కావాలట. ఎంత దయగల ఆర్డరు! పగలంతా అరవై మంది పిల్లలు, ఇంటికెళ్తే ఇంకో పిల్ల. మధ్యలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న నాకు మంచి కాలక్షేపం దొరికింది.

పుస్తకం నా ఒళ్లో, కౌసల్య పుస్తకం మీద. "శిశువు ప్రతి వస్తువునూ నోటితో తెలుసుకొనును" అన్న పేజీని మా శిశువు నోటితోనే తెలుసుకుంది. ఆ అధ్యాయం సగం కడుపులోకి పోయింది! ఇంత ప్రాక్టికల్ బోధన ఏ కాలేజీలో దొరుకుతుంది? చదువుతూ పప్పు మాడ్చానా? ఏకాగ్రత కుదిరినట్టే!

పిల్లను చంకనేసుకొని బస్సులో మిర్యాలగూడ వెళ్లి పరీక్ష రాశాను. ప్యాసయ్యాను.

నా క్లాసులో సాలి అని తొమ్మిదేళ్ల పిల్ల ఉంది. బడిలో చేరి మూడు నెలలైనా నోరు విప్పలేదు. పుస్తకం ప్రకారం మందబుద్ధి. ఆ మాట రిజిస్టరులో రాసే ముందు వాళ్ల నాన్న హన్మాను పిలిచి అడిగాను. తుంగతుర్తి దగ్గరి తండా మనిషి. ఇప్పుడు పేటలో మూటలు మోస్తున్నాడు.

"నిరుడు వానకాలం రజాకార్లు మా తండా మీద పడి తగలబెట్టిన్రమ్మా. జొన్నచేన్ల దాక్కున్నం. సప్పుడు చేస్తె అందరం సస్తం బిడ్డా అని నేనే దాని నోరు మూసిన. గప్పటిసంది మాట్లాడ్తలేదు" అన్నాడు, తల వంచుకొని.

పుస్తకమంతా తిరగేశాను. ఇలాంటి పిల్ల ఏ పేజీలోనూ లేదు.

ఆ వారమే కౌసల్యను చూసుకునే ముత్తమ్మ నాట్లకు పోయింది. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఏం చేయను? కౌసల్యను బడికి తెచ్చి సాలి పక్కన కూర్చోబెట్టాను. రెండు రోజులు ఒకరినొకరు చూసుకున్నారు. మూడో రోజు కౌసల్య సాలి పలక లాక్కొని నాకడం మొదలుపెట్టింది.

"ఏయ్, నోట్లె పెట్టకే! కడుపు నొస్తది!"

క్లాసంతా అటు తిరిగింది. సాలి గొంతు! మాట జారినందుకు భయపడి నా వైపు చూసింది. "చెప్పు బిడ్డా, దానికి ఇంకా చెప్పు" అన్నాను. "పలక తినేది కాదే, రాసేది" అంది సాలి, మెల్లగా. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో బడుల ఇన్‌స్పెక్టర్ గారు!

"ఏమిటమ్మా ఇది? బడి అనుకున్నావా, ఉయ్యాల అనుకున్నావా?"

"ఏడాది తర్వాత పిల్ల నోరు విప్పిందండీ!" అన్నాను.

ఆయన కౌసల్య వైపు చూశారు. "ఏడాది దాటితే ఏ పిల్లైనా మాట్లాడుతుంది. దానికి ఏడవాలా?" అని, క్రమశిక్షణ లేదని రాసుకొని వెళ్లిపోయారు.

సాలి ఇప్పుడు గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంది. క్లాసులో అల్లరి పెరిగిందని నా మీద రెండో రిమార్కు పడింది.

హెడ్ పోస్టు దామోదర్ గారికిచ్చారు. మగపిల్లల బడి పంతులు. పరీక్ష వచ్చే ఏడు రాస్తారట. ఊరుకోలేక ఇన్‌స్పెక్టర్ గారి ఆఫీసుకే వెళ్లాను.

"ప్యాసయింది నేను కదండీ?"

"నిజమే. కానీ నీకు చంటిపిల్ల ఉందిగా! బాధ్యత ఎలా మోస్తావమ్మా?"

"దామోదర్ గారికి నలుగురు పిల్లలండీ."

"అందుకేనమ్మా ఇచ్చింది! పాపం, నలుగురు పిల్లల తండ్రి!"

కాబట్టి పాఠకులారా, పిల్లలున్నవాళ్లు సైకాలజీ చదివితే ఉద్యోగంలో తప్పక పైకి వస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆ పిల్లలకు తల్లి కాకుండా తండ్రి కండి. అప్పుడు చదవకపోయినా ఫరవాలేదు!