చిట్టెమ్మ మేత మానితే

ఆ ఉదయం అశ్విని వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త వాషింగ్ మిషన్‌లో బట్టలు వేయాలి, మీట నొక్కాలి, వీధి అరుగు మీద కూర్చుని వేడివేడిగా కాఫీ తాగాలి. అంతే.

పెళ్ళై నల్లగుట్టపల్లెకు వచ్చినప్పటి నుంచి ఆమె వేడి కాఫీ తాగిన ఉదయం లేదు. గ్లాసు పక్కన పెట్టుకుని బట్టలకు కూర్చుంటే, ఆఖరి చొక్కా బండకేసి ఉతికి లేచేసరికి కాఫీ మీద మీగడ కట్టేది. మీగడ మీద ఈగ వాలేది. భర్త ప్రకాష్ చొక్కాలు మామూలు చొక్కాలు కావు. టమాట తోట ఎర్రమట్టి, ఆకుల పసరు కలిసి పట్టాయంటే ఒక పట్టాన వదిలేవి కావు. మొన్న కుప్పంలో పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరు ఆమె మణికట్టు నొక్కి చూసి, "ఈ చేతికి కొన్నాళ్ళు సెలవు ఇయ్యాలమ్మా" అన్నాడు. ప్రకాష్ మారు మాట్లాడకుండా మదనపల్లె వెళ్ళి మిషన్ కొనుక్కొచ్చాడు.

కొనడం సులువే. పెట్టడమే కష్టమైంది. వంటింట్లో పెడితే నీళ్ళు పోయే దారి లేదు. స్నానాల గదిలో పెడితే మనిషి పట్టడు. పెరట్లో పెడితే ఎండ. చివరికి నీళ్ళ కుళాయి, రాతి నేల, నీడ మూడూ ఉన్న చోటు ఇల్లంతటికీ ఒకటే తేలింది. అది పశువుల కొట్టం.

కొట్టం చిట్టెమ్మది. చిట్టెమ్మ పుంగనూరు ఆవు. నిలబడితే మనిషి నడుము దాటదు గానీ, ఆ ఇంట్లో దాని మాటకు ఎదురులేదు. అత్తగారు కెంపమ్మ తాను తినకముందు దానికి పెట్టేది, తాను పడుకోకముందు దాన్ని పలకరించేది. అలాంటి కొట్టంలో ఒక మూల ప్రకాష్ నడుమెత్తు గోడ లేపాడు. లోపల మిషన్‌కు సిమెంటు దిమ్మె కట్టాడు. సబ్బు పొడికి గూడు, మాసిన బట్టలకు బుట్ట, చూరు కింద దండెం, దానికి రంగురంగుల ప్లాస్టిక్ క్లిప్పులు. మురికినీళ్ళ పైపును వెనక గోడ కన్నంలోంచి అరటిపాదుల్లోకి వదిలాడు. అశ్వినికి అది కొట్టంలా కనిపించలేదు. చిన్న రాజ్యంలా కనిపించింది.

కెంపమ్మకు మాత్రం అది దురాక్రమణలా కనిపించింది. నిన్న మదనపల్లె నుంచి వచ్చిన మెకానిక్ మిషన్ బిగించి, ఉత్త నీళ్ళతో ఒకసారి తిప్పి చూపిస్తుంటే, ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"బట్టలు ఉతకను డబ్బా యాల? సరే, తెచ్చినారు. ఒక్క మాట చెప్తాండా, ఇనుకోండి. ఈ గుర్రుగుర్రు సప్పుడుకు బెదిరి నా చిట్టెమ్మ ఒక్క పూట మేత మానినా, ఈ డబ్బా వచ్చిన దారినే మదనపల్లెకు పోవాల."

"అట్లే లేమ్మా" అన్నాడు ప్రకాష్. తల్లితో అతను ఎప్పుడూ అట్లే లేమ్మా అనే అంటాడు. ఈసారి సాక్షిగా మెకానిక్ కూడా ఉన్నాడు.

అందుకే ఈ ఉదయం అశ్విని ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టింది. ప్రకాష్ టమాట బుట్టలతో మదనపల్లె మార్కెట్టుకు వెళ్ళిపోయాడు. ఆమె చొక్కాలన్నీ మిషన్‌లో వేసింది. మెకానిక్ ఒక చిన్న మూత చూపించి, దానినిండా పొడి చాలన్నాడు. ఆ మూతను, ప్రకాష్ చొక్కాలను మార్చి మార్చి చూసింది. పట్నం మనుషులు తోటలో పనిచేయరు కదా అనుకుని, పిడికిలి నిండా తీసి వేసింది. ఇంకో పిడికిలి వేసింది. మనసొప్పక మరొకటి కూడా వేసి మీట నొక్కింది. చిట్టెమ్మ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ గడ్డి నమలసాగింది. అశ్విని ఊపిరి పీల్చుకుని అరుగు మీదికి వెళ్ళింది.

కాఫీ వేడిగా ఉంది. మొదటి గుక్క నాలుక కాల్చింది. ఆ కాలడం కూడా ఆమెకు హాయిగానే అనిపించింది.

గ్లాసు సగమైంది. అప్పుడే కొట్టంలోంచి కేక వినిపించింది.

"కెంపక్కోవ్! బిన్న రాక్కా! చిట్టెమ్మ నోట్లో నురగ!"

పక్కింటి రామక్క కేక అది. ఆమెకు పశువులు లేవు. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయడం ఇష్టంలేక, రోజూ తెచ్చి చిట్టెమ్మ కుడితి తొట్టిలో పోసి వెళుతుంది. ఈ రోజు తొట్టి దాకా వచ్చి, కడుగు నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకుని నిలబడిపోయింది.

కెంపమ్మ పరిగెత్తింది. వెనకే అశ్విని. కొట్టంలో చిట్టెమ్మ నిలబడి ఉంది. మూతి నిండా తెల్లటి నురగ గడ్డంలా వేలాడుతోంది. తొట్టి నిండా నురగ, నేల మీద నురగ. దానికి తోడు ముందరి కుడికాలు ఎత్తి దించుతోంది, ఎత్తి దించుతోంది.

"సూడక్కా! నోరూ పట్టుకునింది, కాలూ పట్టుకునింది. ఇంగేముండాది? గాలికుంటే ఇది!"

నోటికీ గిట్టలకూ పుండ్లు లేపి, ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి పాకే రోగం అది. ఆ పేరు వినగానే కెంపమ్మ చిట్టెమ్మ మెడ కావలించుకుంది. "నా తల్లే! నీకేమైంది తల్లే!"

అశ్విని చూపు మాత్రం తొట్టి మీద ఆగిపోయింది. నురగ అడుగున నల్లగా ఏదో ఉంది. వంగి చూసింది. మిషన్ పైపు! గోడ కన్నంలో ఉండాల్సిన పైపు కుడితి తొట్టిలో ఉంది. మిషన్ కక్కిన సబ్బునీళ్ళన్నీ తొట్టిలోకే వచ్చాయి. అడుగున ఉన్న తవుడు కోసం చిట్టెమ్మ నురగలో మూతి పెట్టింది. ఇది రోగం కాదు, మూడు పిడికిళ్ళ సబ్బు పొడి.

చెప్పేయాలని నోరు తెరిచింది. ఒక్క పూట మేత మానినా అన్న మాట గుర్తొచ్చింది. అత్తగారి కళ్ళు మూసుకుని ఉన్నాయి, రామక్క అటు తిరిగి ఉంది. అశ్విని చటుక్కున పైపు లాగి, మళ్ళీ కన్నంలో దూర్చేసింది. మూతి తుడిచేస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియకుండా తొట్టి కడిగేయొచ్చు అనుకుంది.

మూతి తుడిచింది కూడా. తుడిచి తిరిగేసరికి రామక్క లేదు. ఆమె అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది.

పాలకేంద్రం అంజినప్ప దగ్గర ఊరి ఆడవాళ్ళంతా క్యాన్లతో వరసలో ఉన్నారు. రామక్క చెప్పింది విని అంజినప్ప పాలు పోసే గరాటు బోర్లించేశాడు.

"గాలికుంటంటే మాటలా? నేను పాలు తీసుకుంటే పైవాళ్ళు నన్ను తీసేస్తారు. పుంగనూరు పశువుల డాక్టరమ్మ వచ్చి సూసి చెప్పేదాకా ఒక్క చుక్క పట్టను" అని ఆమెకు ఫోన్ చేశాడు. తరువాత ఊరి పాల గ్రూపులో హెచ్చరిక కూడా మాట్లాడి పెట్టాడు. పలమనేరు నుంచి వచ్చే పాల బండి ఊరి ముందు వేగం కూడా తగ్గించకుండా వెళ్ళిపోయింది.

కొద్దిసేపట్లో కెంపమ్మ వాకిలి నిండా క్యాన్లు. వాటి వెనక మనుషులు.

"ఏం కెంపక్కా, మా పాలు ఏం జేసుకోవాల? ఊరంతా పాయసం కాచాల్నా?"

"కొట్టంలో మిషన్ పెట్టొద్దని చెప్తే ఇన్నారా! ఆ సప్పుడుకే వచ్చుంటాది రోగం!"

అశ్విని ముందుకొచ్చింది. "అది రోగం కాదు, నేను చెప్పేది కొంచెం—" అంటుండగా ఫోన్ మోగింది. ప్రకాష్.

"అశ్వినీ! మనూర్లో ఆవులన్నీ పడిపోయినాయంట గదా! మార్కెట్లో ఒకటే మాట. మన టమాటా ఎవురూ ముట్టుకోల్యా."

"రోగం ఆవులకైతే టమాటాకు యాడిది మామా?"

"నేనూ అదే అడిగినా. ఏమోప్పా, మీ ఊరిది గదా అంటాండారు! వస్తాండాను ఉండు."

పెట్టేలోపే మళ్ళీ మోగింది. ఈసారి కుప్పం నుంచి తల్లి కృష్ణవేణి. అంజినప్ప హెచ్చరిక పెద్దపంజాణిలోని చుట్టాల మీదుగా కుప్పం చేరేసరికి, ఆవు దారిలో ఎక్కడో దిగిపోయి నురగ ఒక్కటే మిగిలింది.

"అశ్వినీ, మీ అత్తకు నోట్లో నురగొస్తాండాదంటనే! కాళ్ళు గూడా కొట్టుకుంటాండాదంట! పాపం, మొన్న గూడా బాగుండె గదే!"

"అమ్మా, అత్తకేమీ కాలా! అది ఆవు—"

"నాకు దాచబాకు. బస్సెక్కినా. సిగ్నలు లేదు, పెడతాండా."

అశ్విని అరచేతులు చూసుకుంది. సబ్బుకు పాసిపోయి, వేళ్ళ సందుల్లో పగిలిన చేతులు. ఈ చేతుల కోసమే కదా నిజం దాచింది! కానీ వాకిట్లో పాలు ఎండకు వేడెక్కుతున్నాయి. అవి ఒక్క ఇంటి పాలు కావు.

డాక్టరు భార్గవి స్కూటర్, ప్రకాష్ వ్యాను ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. డాక్టరమ్మ అందరినీ దూరం జరగమని, చేతులకు తొడుగులు వేసుకుని కొట్టంలోకి వెళ్ళింది. ఊరంతా కొట్టం ముందరి పిట్టగోడ మీద మోచేతులు ఆనించింది. ఆమె చిట్టెమ్మ నోరు తెరిచింది. నాలుక పక్కకు లాగి చూసింది. చిగుళ్ళు చూసింది. జ్వరం చూసింది.

"పుండు లేదు. జ్వరం లేదు" అంది. తర్వాత కుడికాలు ఎత్తి, గిట్టల సందులోంచి దేన్నో పీకింది. ఎర్రటి ప్లాస్టిక్ క్లిప్పు. "ఇది గుచ్చుకుంటాంటే కాలెత్తక ఏం జేస్తాది?"

ప్రకాష్ తల వంచుకున్నాడు. దండేనికి క్లిప్పులు తగిలించి మిగిలినవి ఏరనిది అతనే.

డాక్టరమ్మ మళ్ళీ చిట్టెమ్మ మూతి దగ్గరికి వంగి వాసన చూసింది. ముఖం చిట్లించి ఇంకోసారి చూసింది.

"ఏం పెట్టినారమ్మా దీనికి? నోరంతా నిమ్మకాయ వాసన వస్తాండాది!"

ఇక దాచడానికి చోటు లేదు. అశ్విని గోడ దాటి లోపలికి వచ్చింది.

"అది సబ్బు నురగ డాక్టరమ్మా. నేనే పొడి ఎక్కువేసినా. పైపు జారి తొట్టిలో పడినట్టుండాది. నేను సూసి గూడా చెప్పలా. గుట్టుగా తీసి కన్నంలో పెట్టేసినా." అత్తగారి వైపు తిరిగింది. "మిషన్ పంపిచ్చేస్తారని భయమైంది అత్తా. మీరన్న మాట ప్రకారమే పంపిచ్చేయండి. ఊరోళ్ళ పాలు మాత్రం పోనీయొద్దు."

ప్రకాష్ ఫోన్ తీసి, మదనపల్లె షోరూం నెంబరు వెతకసాగాడు. అతని వేలు ఎంత నెమ్మదిగా కదులుతోందంటే, ఆ నెంబరు దొరకకూడదని మొక్కుకుంటున్నట్టుంది.

"నిలుపురా" అంది కెంపమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆ పైపు జారి పడలా. నేనే పెట్టినా."

"నువ్వా!" అన్నాడు ప్రకాష్.

"నేనే! నిన్న ఆ మెకానిక్ తిప్పి సూపిచ్చినప్పుడు నీళ్ళెంత తేటగా వచ్చెనో సూసినావు గదా? బోర్లు ఎండిపోతాండే కాలంలో అన్ని బిందెల నీళ్ళు అరిటిచెట్టు పాలు చేస్తాంటే పానం ఒప్పలా. నా బిడ్డ తాగుతాదిలే అని తెల్లారుతూనే తొట్టిలోకి లాగినా. సబ్బేసినప్పుడు నురగొస్తాదని నాకు తట్టిందా?" ఆమె గొంతు తగ్గింది. "అశ్విని పైపు తీసింది గూడా సూసినా. కళ్ళు మూసుకోని సూసినా. నేనూ చెప్పలా."

పొద్దుటి నుంచి అత్తాకోడళ్ళిద్దరూ ఒకే పైపు గుట్టును ఎవరికి వారే దాచుకున్నారు.

ముందు నవ్వింది డాక్టరమ్మ. తర్వాత నవ్వు గోడ పొడవునా పాకింది. గాలికుంటు కూడా అంత వేగంగా పాకదు. "తొట్టి కడిగి మంచినీళ్ళు పోయండి. పేడ కొంచెం పలచగా పారుకుంటే భయపడబాకండి, రేపటికి సర్దుకుంటాది. అంజినప్పా, నువ్వు పోయి పాలు పట్టు" అందామె. అంజినప్ప పాల బండికి ఫోన్ చేసుకుంటూ పరిగెత్తాడు. క్యాన్ల మూతలు గలగలలాడుతూ అతని వెనకే వెళ్ళాయి.

వాకిలి ఖాళీ అయ్యాక అశ్విని మెల్లగా అడిగింది. "మిషన్ సంగతి ఏం జేద్దాం అత్తా?"

కెంపమ్మకు తానన్నది గుర్తే. నిన్న అందరి ముందు అన్న మాట. మెకానిక్ సాక్షి. ఆమె చిట్టెమ్మ వైపు చూసింది. ఊరంతా తలకిందులైన ఆ పొద్దంతా చిట్టెమ్మ గడ్డి మోపు మొత్తం ఖాళీ చేసి, మిషన్‌తో వచ్చిన అట్టపెట్టె అంచు కూడా నమిలేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూస్తోంది.

"నేనేమన్నా?" అంది కెంపమ్మ. "ఒక్క పూట మేత మానితే అన్నా. మానిందా?"

"మానలేదు అత్తా."

"ఇంగ యాల అడగతావు? ఆ పొడి మాత్రం చేతికి అందకుండా పైన పెట్టు. ఆవుకు గాదు, నీకు." రెండడుగులు వేసి ఆగింది. "రేపు నా కంబళి గూడా ఏస్తావా? దాన్ని బండకేసి కొట్టి కొట్టి నా బుజాలు పోయినాయి."

అశ్విని అరుగు మీద చతికిలబడింది. ప్రకాష్ లోపలికి వెళ్ళి, ఇంకో గ్లాసు కాఫీ పెట్టి తెచ్చాడు. పంచదార తక్కువైంది. అయినా వేడిగా ఉంది. ఆమె ఆఖరి చుక్క దాకా వేడిగానే తాగింది.

మధ్యాహ్నం కుప్పం నుంచి కృష్ణవేణి బస్సు దిగి ఏడుస్తూ వచ్చింది. తలుపు తీసిన కెంపమ్మ మూతి వైపు, కాళ్ళ వైపు ఎగాదిగా చూసి, అయోమయంగా సంచీలోంచి బ్రెడ్డు ప్యాకెట్ తీసి ఆమె చేతిలో పెట్టింది. కెంపమ్మ దాన్ని విప్పి, ఒక ముక్క తీసుకుని నేరుగా కొట్టంలోకి వెళ్ళింది.

రోగి కోసం తెచ్చిన బ్రెడ్డు, చివరికి రోగికే చేరింది.