అండవర్ధినీ చూర్ణ సత్యశోధనం

రంగారెడ్డి జిల్లాకు శిరోభూషణమై, సాగర్ రహదారి లారీఘోషలతో దద్దరిల్లు ఇబ్రహీంపట్నమను మహాపురమున, సూర్యభగవానుడు కోళ్లఫారాల రేకులపై తన సహస్రకిరణములను తూచి తూచి పంచుచుండగా, కోళ్లదాణా విక్రయధురంధర, త్రాసుపట్టిన చేయి వణకని ధీర, నర్మదాదేవి సమరమునకు వెడలిన వృత్తాంతమును వినుడు!

ప్రత్యర్థి గోపాలరావు తుర్కయాంజాల్ నుండి ద్విచక్రవాహనారూఢుడై వచ్చెను. అతని ఆయుధము అండవర్ధిని అను గుడ్లపొడి. కవచము అయిదు పరిశోధన పత్రములు.

"చూడండి నర్మదగారూ, ఇంటర్నేషనల్ జర్నలండీ! ఒకటి కాదు, అయిదు పేపర్లు! ఈ పొడి కలిపితే కోడి రోజూ గుడ్డు పెట్టాల్సిందే. సాయంత్రంలోగా చెప్పండి, లేదంటే డీలర్‌షిప్పు హయత్‌నగర్ వాళ్లకి ఇచ్చేస్తాం."

నర్మద లెక్క వేసెను. అయిదుగురు జామీను నిలిచినవానికి బజారున ఎవరైనను సరుకిత్తురు. అయిదు పత్రములు నిలిచిన పొడికేమి కొఱత? అయినను, పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకొను ఆడవారందరు ఆమె మాటపైననే దాణా కొందురు. పొడి పొల్లైనచో పోవునది ఆ మాట. పోయిన మాట ఏ గోదామునను దొరకదు.

అంతట ఆమె ఆ అయిదు పత్రములను చంకనిడుకొని, షేర్ ఆటోయను రథమెక్కి శేరిగూడ ఇంజనీరింగు కళాశాల గ్రంథాలయమును ముట్టడించెను. అచట గ్రంథపాలిక లీదియా ఆమె చిన్ననాటి నేస్తురాలు.

"ఐదు జామీన్లున్నయే! ఇంకేం గావాలె?" అని నర్మద గర్జించెను.

"ఒర్రకే, గిది లైబ్రరీ. బస్తా కొనేటప్పుడు ఏం జేస్తవ్?"

"చువ్వ గుచ్చి నడుమల గింజలు తీస్త. పైపైన మంచియే పోస్తరు గద."

"పేపర్ మొదట్ల ఉండే సారాంశం గూడ పైపొరనే. నడుమల గుచ్చు. పొడి వెయ్యని కోళ్లతోని పోల్చిన్రా? ఆఖర్ల ఎవల పేపర్లు సాక్ష్యం జూపిచ్చిన్రు?"

నర్మద కళ్లద్దములు ధరించి, పత్రముల నడుమను, చివరనున్న గ్రంథసూచికారణ్యమునను చొరబడి, పంక్తి పంక్తిని వ్రేలితో నరకుచు సాగెను. పొడి వేయని కోడి ఒక్కటియు ఎదురుపడలేదు. మొదటి పత్రమునకు రెండవది సాక్షి. రెండవదానికి మూడవది. అట్లు పోయి పోయి, అయిదవదానికి సాక్షి మరల మొదటిదే! అన్నియు ఒకే నెల, ఒకే పత్రిక. ప్రతిదానను పొడి కంపెనీ యజమాని పేరే.

"ఓ యమ్మ! ఒక్కింటోళ్లే ఒకలకొకలు జామీనా! అప్పటిసంది లెక్కవెట్టిన గని, ఎవలని అడగకపోతి!"

"ఇప్పుడడిగినవ్ గద. జర బయటోల్లను ఎతుకుదాం."

నర్మద గ్రంథాలయపు కంప్యూటరు శోధనపెట్టెలో "కోడి" అని కొట్టగా లక్షల పత్రములు మిడతలదండువలె విరుచుకుపడెను. లీదియా సూచనపై పొడిలోని మందు పేరును, గుడ్ల లెక్కను జోడించి కొట్టగా దండు చెదరి, బయటివారిది ఒక్క పత్రము మిగిలెను. అందు పొడి తిన్న కోళ్లు, తినని కోళ్లు పక్కపక్కన నిలిచినవి. గుడ్లలో భేదము శూన్యము!

సాయంకాలమున గోపాలరావు ఎదుట నర్మద సింహనాదము చేసెను. "సార్, నీ ఇంటోళ్లు ఐదుగురొద్దు. బయటోన్ని ఒక్కన్ని తే."

గోపాలరావు కవచమును మడిచి సంచిలో పెట్టుకొనెను. "పోనీ, టీ అయినా ఇప్పిస్తారాండీ?"

ధర్మయుద్ధము కనుక ఇప్పించెను.

మరునాడు ఇబ్రహీంపట్నపు కోళ్లన్నియు నిన్న పెట్టినన్నియే గుడ్లు పెట్టినవి. ఒక్కటి పెరుగలేదు, ఒక్కటి తరుగలేదు. ఇదియే నర్మదాదేవి దిగ్విజయము!