పులిగారు గడ్డి తింటారు

ఒక పెద్ద అడవిలో, పిల్లలు పోటీలు పడి పరిగెత్తుకొచ్చే బడి ఒకటుండేది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి! ఆ బడి కంచె లోపల ఎవరూ ఎవర్నీ తినకూడదు, అదొక్కటే నియమం. పంతులమ్మ ముళ్ళపంది, పేరు సూదమ్మ. ఒళ్ళంతా ముళ్ళే గానీ మనసు వెన్న.

సూదమ్మ పాఠమంటే ఆటే. పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి పొడుగాటి తీగ ఒకటి ఇచ్చేది. ఒకరు గడ్డి, ఒకరు మిడత, ఒకరు కప్ప, ఒకరు పాము; ఇంకోవైపు ఒకరు జింక, ఒకరు పులి. ఎవర్ని ఎవరు తింటే వాళ్ళ చేతికి తీగ పోవాలి. "గడ్డి ఎండిపోయిందోచ్!" అనగానే గడ్డి కూలబడేది. దాని వెనకే మిడత, కప్ప, పాము, జింక, ఆఖరికి పులి వేషం కట్టినవాడూ దబ్బుమనేవాడు. ఇక చూస్కోండి కేరింతలు!

ఒకనాడు తనిఖీకి నక్క నారప్ప వచ్చాడు.

"ఎల్లుండి మంత్రిగారు వస్తున్నారు. వారి ముందు ఈ ఆటే ఆడించు" అన్నాడు.

మంత్రిగారంటే పులి. ఆయన కొడుకు చారలబాబు ఈ బడిలోనే చదువుతున్నాడు. సూదమ్మ ఉబ్బితబ్బిబ్బయింది.

"ఒక్క సవరణ" అన్నాడు నారప్ప. "ఎన్నికలు దగ్గరపడ్డాయి. మంత్రిగారు జింకల్ని తింటారని జింకల ముందే చెప్పిస్తావా? గడ్డి తింటారని చెప్పించు."

"పులిగారు... గడ్డా?"

"వారొక్కరే తింటే బాగుండదు. నేనూ తింటాను. మా ఆఫీసంతా గడ్డే తింటుంది."

సూదమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "అయ్యా, గడ్డి తినడమంటే జనంలో ఇంకో అర్థముంది. లంచాలు గట్రా..."

"నాకు తెలుగు నేర్పుతావా? అర్థాలు చెప్పేది నేను, అప్పజెప్పించేది నువ్వు! తేడా వచ్చిందా, బడికి తాళం, నీకు కొండవతలకి బదిలీ!"

అబద్ధం నేర్పాలంటే సూదమ్మకి ఒళ్ళు మండింది. కానీ బడి పోతే ఈ పిల్లల గతేం కాను? పాపం, సరేనంది.

మంత్రిగారు రానే వచ్చారు. కంచె చుట్టూ జింకలూ కోతులూ అడవిపందులూ, ఇసకేస్తే రాలనంత జనం. పిల్లలు తీగ పట్టుకున్నారు.

"మన మంత్రిగారు ఏం తింటారు పిల్లలూ?" అంది సూదమ్మ, కళ్ళు గట్టిగా మూసుకుని.

చారలబాబు ఎగిరి గంతేశాడు. "మా నాన్న గడ్డి తింటాడు!"

ఎక్కడో ఒక కోతి కిసుక్కుమంది. అది విని బాబుకి హుషారెక్కింది.

"ఒక్కడే తినడు! నారప్ప మావయ్యతో కలిసి తింటాడు! ఆఫీసంతా తింటుంది!"

కోతులు నవ్వలేక కొమ్మల మీంచి టపటపా రాలాయి. "పిల్లాడు ఎంత నిజం చెప్పాడే తల్లీ!" అని ఒక ముసలి జింక కళ్ళు తుడుచుకుంది.

పులి మీసాలు లేచి నిలబడ్డాయి. "ఎవడ్రా నీకిది నేర్పింది?"

"నారప్పగారు!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

"గడ్డి కాకపోతే మరేం తింటావు నాన్నా?" అన్నాడు బాబు, తీగ కొస పట్టుకుని బుద్ధిగా.

"చూపిస్తాను" అన్నాడు పులి, నక్కకేసి తిరిగి.

నారప్ప కంచె లోపలే కదలకుండా కూర్చుంటే బతికిపోయేవాడే. బుర్ర పనిచేయక ఒక్క దూకు దూకాడు. కంచె బయటికి! పులిగారు కూడా వెనకే దూకారు.

బడికి తాళం వేసేవాడు మరి రాలేదు. మర్నాటి ఆటలో నక్క దగ్గర్నుంచి పులికి కొత్తగా ఒక తీగ పోయింది. సూదమ్మ చెప్పకుండానే పిల్లలు కట్టేశారు.

నీతి: పెద్దల గురించి పిల్లలకి అబద్ధమే నేర్పండి; పొరపాటున అది నిజం కాకుండా మాత్రం చూసుకోండి.